రక్తపరీక్ష కాగితం జాతకచక్రం కాదు

లక్ష్మీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి వికాస్ మార్గ్ మీదకి వస్తే తలెత్తి చూసినంతమేరా రెండు రకాల బోర్డులే ఎక్కువ. ఒకటి సీఏ కోచింగ్, రెండోది రక్తపరీక్షల లాబ్. మొదటివాటి మీద ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు. రెండోవాటి మీద నవ్వుతున్న ఒక కుటుంబం, కింద "ఫుల్ బాడీ చెకప్" అని, ఎన్ని పరీక్షలో ఆ సంఖ్య అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో! ఇంత తక్కువ డబ్బుకి ఇన్ని పరీక్షలా అని ఆశ్చర్యపోతాం తప్ప, అవి ఏ ప్రశ్నకి జవాబు చెప్పే పరీక్షలు అని ఎవరూ అడగరు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్న నేనూ అడగలేదు.

హేతువాదులమని చెప్పుకునే మనం జాతకాల మీద, వాస్తు మీద, మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో పంచే చేపమందు మీద ఎంత రాశామో, ఎంత మాట్లాడామో లెక్కలేదు. అదంతా అవసరమే. అయితే జాతకచక్రాన్ని తీసేసిన మేకుకి మనం లాబ్ రిపోర్టుని తగిలించామేమో అన్న అనుమానం నాకు కొంతకాలంగా పట్టుకుంది. దానికి కారణమైన సంగతి చెబుతాను. అందులో తప్పు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు. డాక్టర్ని కూడా కాను. ఆ అమ్మాయి, వాళ్ళ అమ్మగారు సరేనన్నారు కాబట్టి ఊరూ పేరూ లేకుండా రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల నుంచి సీఏ చదవడానికి వచ్చి మా వీధిలోనే పీజీలో ఉంటున్న అమ్మాయి. తెలుగువాళ్ళం కదాని పండగలకి మా ఇంటికి వస్తుండేది. 2023 నవంబర్‌లో పొడిదగ్గు పట్టుకుంది. "అంకుల్, మెట్రో మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది" అంది. నవంబర్లో తూర్పు ఢిల్లీ గాలి సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆనంద్ విహార్ మీటర్ 400 దాటిన రోజులవి. వీధిలో సగం మంది దగ్గుతున్నారు. "కాలుష్యమమ్మా, మాస్కు పెట్టుకో, తగ్గిపోతుంది" అన్నాను. శాస్త్రీయంగా మాట్లాడానన్న తృప్తి కూడా మిగిలింది నాకు.

డిసెంబర్‌లో వేళ్ళ కణుపుల మీద మచ్చలు లేచాయి. పీజీ యజమానురాలు "ఒంట్లో రక్తం చెడింది" అని వేపాకు రసం పట్టించింది. దగ్గర్లోని క్లినిక్‌లో ఎలర్జీ అన్నారు, ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నీరసం తగ్గకపోతే ఆ అమ్మాయే తగ్గింపు ధరకి ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకుని ఆ కాగితాలు పట్టుకుని వచ్చింది. పదిహేను పేజీలు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. పక్కనే "లివర్ ప్రొఫైల్" అని శీర్షిక. ఇంకేముంది, క్లినిక్ వాళ్ళు లివర్ టానిక్ రాశారు, ఇంట్లోవాళ్ళు నేలఉసిరి తినమన్నారు, నేను బయట తిండి మానెయ్యమన్నాను. నలుగురం కలిసి ఒక నెల వృథా చేశాం.

ఆ రెండు ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరాల్లో కూడా ఉంటాయి. కండరం దెబ్బతిన్నా రక్తంలోకి వచ్చి పడతాయి. అవి పెరిగినప్పుడు సమస్య కాలేయంలోనా కండరంలోనా అని తేల్చుకోవాలంటే సీపీకే అనే చవకైన పరీక్ష ఉంది. ఆమె కొన్న ప్యాకేజీలో అది లేదు. అన్ని పరీక్షలున్న ఆ కట్టలో అవసరమైన ఒక్కటీ లేదు! ఆ శీర్షిక "లివర్ ప్రొఫైల్" అని కాకుండా "ఈ రెండూ కండరం నుంచి కూడా రావచ్చు" అని ఉంటే ఎవరో ఒకరం ఆగి ఆలోచించేవాళ్ళమేమో. శీర్షికే మా బదులు ఆలోచించేసింది.

2024 ఫిబ్రవరిలో వాళ్ళ అమ్మగారి దగ్గర్నుంచి ఫోన్. "అన్నయ్య గారూ, టీవీలో చూశారా? దంగల్ సినిమాలో చేసిన పిల్ల చచ్చిపోయిందట. చేతి మీద ఎర్రమచ్చలతో మొదలైందట. మా పిల్లకీ వేళ్ళ మీద మచ్చలున్నాయి కదండీ. సమంతకొచ్చింది కూడా ఇలాంటిదేనటగా..." అని ఏడుపు.

'దంగల్'లో చిన్ననాటి బబితగా నటించిన సుహానీ భట్నాగర్ 2024 ఫిబ్రవరి 16న ఢిల్లీ ఎయిమ్స్‌లో చనిపోయింది. ఫరీదాబాద్ అమ్మాయి, వయసు 19. తల్లిదండ్రులు పత్రికలకి చెప్పినదాని ప్రకారం రెండు నెలల ముందు చేతి మీద ఎర్రమచ్చలు, వాపు వచ్చాయి. ఎలర్జీ అనుకుని అక్కడా ఇక్కడా చూపించారు. జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్ అని చనిపోవడానికి పది రోజుల ముందు మాత్రమే తెలిసింది. చివరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇక సమంత తనకి మయోసైటిస్ ఉందని 2022 అక్టోబర్ 29న ప్రకటించాక ఆ మాట తెలుగునాట ప్రతి ఇంట్లోనూ వినపడింది. ఏ ఆరోగ్య శాఖా చెయ్యలేని ప్రచారం అది.

ఆ తల్లి ఏం చేసింది? ఒక్క ఉదాహరణ పట్టుకుని, దాన్ని తన కూతురికి అన్వయించుకుంది. మనం సభల్లో "ఒక్క సంఘటనతో నిర్ధారణకి రాకూడదు" అని చెబుతాం కదా, సరిగ్గా అదే చేసింది. ఆమె చెప్పిందే నిజమైంది. ఢిల్లీలో నవంబర్ దగ్గుకి అతి సాధారణ కారణం కాలుష్యం అని సంభావ్యత లెక్క వేసిన నేను తప్పాను. దీన్ని బట్టి సంభావ్యత లెక్కే తప్పనుకోకూడదు. నేను లెక్కేసింది దగ్గుకి ఒక్కదానికే. దగ్గు, కణుపుల మీద మచ్చలు, మెట్లెక్కలేని నీరసం, పెరిగిన ఎంజైములు... ఇవన్నీ ఒకే మనిషిలో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. నేను వాటిని విడివిడిగా పెట్టుకుని ఒక్కోదానికి ఒక్కో సులువైన కారణం అతికించాను. ఆమె కలిపి చూసింది. ఆ పని చెయ్యడానికి హేతువాద సంఘంలో సభ్యత్వం ఉండాల్సిన అవసరం లేదని తెలిసి కాస్త సిగ్గుపడ్డాను.

జబ్బు గురించి నాలుగు మాటలు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత కండరాల మీద, చర్మం మీద దాడి చెయ్యడం దీని మూలం. తుంటి, భుజం కండరాలు ముందు బలహీనపడతాయి. కూర్చుని లేవడం, జడ వేసుకోవడం కష్టమవుతుంది. కణుపుల మీద మచ్చలు, కనురెప్పల మీద ఊదారంగు వస్తాయి. (పాఠ్యపుస్తకాల్లోని ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్ళవి. మన రంగు మీద అవి ఎర్రగా, ఊదాగా కాక ముదురు గోధుమరంగులోనో నల్లగానో కనిపిస్తాయి. ఎలర్జీ అనో, ఎండకి కమిలిందనో అనుకోవడానికి ఇదొక కారణం.) ప్రాణం మీదకి తెచ్చేది మాత్రం చాలాసార్లు ఊపిరితిత్తులే. గాలి బుడగల మధ్యనుండే పొర వాచి, గట్టిపడి, ప్రాణవాయువు రక్తంలోకి వెళ్ళడం కష్టమవుతుంది.

ఎవరి ఊపిరితిత్తులకి ప్రమాదం ఎక్కువ అన్నది ముందే చెప్పగలిగే ఆనవాళ్ళు రక్తంలో ఉన్నాయని తెలుసుకోవడం ఈ రంగంలో నిజంగా గొప్ప సంగతి. 1980లో వర్ణించిన జో-1 అనే యాంటీబాడీ మొదటివాటిలో ఒకటి. ఒక రోగి పేరులోని అక్షరాలతో దానికా పేరు వచ్చింది. ప్రొటీన్లు తయారుచేసే యంత్రాంగంలో ఒక ఎంజైము మీద అది దాడి చేస్తుంది. అది ఉన్నవాళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు చాలా ఎక్కువ. 2005లో జపాన్ పరిశోధకులు ఇంకో యాంటీబాడీని గుర్తించారు. అది పట్టుకునేది ఎమ్‌డీఏ-5 అనే ప్రొటీన్‌నని 2009లో తేలింది. ఆ ప్రొటీన్ పని కణంలోకి వైరస్ చొరబడితే పసిగట్టడం. కాపలావాడి మీదే దాడి అన్నమాట! ఈ రకంలో కండరాలు దాదాపు బాగానే ఉండవచ్చు, సీపీకే మామూలుగా ఉండవచ్చు, కానీ ఊపిరితిత్తులు వారాల్లో, నెలల్లో పాడైపోయే ప్రమాదం ఉంది. అంటే "సీపీకే నార్మల్, భయం లేదు" అన్న మాట ఒక రోగికి నిజం, పక్క రోగికి ప్రాణాంతకం.

ఫెరిటిన్ సంగతి ఇంకా చిత్రం. మన దేశంలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఫెరిటిన్ అనగానే ఇనుము నిల్వ అనుకుంటాం, అది తక్కువుంటే కంగారుపడతాం, ఎక్కువుంటే సంతోషిస్తాం. కానీ ఒంట్లో తీవ్రమైన వాపు ప్రక్రియ ఉన్నప్పుడు కూడా ఫెరిటిన్ పెరుగుతుంది. ఎమ్‌డీఏ-5 రకంలో అది బాగా పెరగడం చెడ్డ సూచన అని జపాన్‌లోనూ తర్వాత వేరే దేశాల్లోనూ చూశారు. ఒకే అంకె, ఒకరికి "ఇనుము బాగుంది", మరొకరికి "వెంటనే ఆసుపత్రికి పద". కేఎల్-6 అనేది ఊపిరితిత్తుల గోడ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే పదార్థం. దెబ్బ తగిలిందని చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు. కొన్ని కాన్సర్లలో కూడా పెరుగుతుంది.

ఇది చదివి రేపు పొద్దున్నే వెళ్ళి మయోసైటిస్ యాంటీబాడీ పానెల్ చేయించుకునే మిత్రులు ఉండవచ్చు, అందుకే ఒక చిన్న లెక్క. ఇవి నేను ఊహించిన అంకెలు, లెక్క తీరు తెలియడానికే. లక్ష మందిలో పది మందికి జబ్బు ఉందనుకుందాం. జబ్బు లేని నూరుమందిలో 98 మందికి సరిగ్గా "లేదు" అని చెప్పే మంచి పరీక్ష ఉందనుకుందాం. లక్ష మందికీ చేస్తే సుమారు 2000 మందికి ఉత్తపుణ్యానికి "పాజిటివ్" వస్తుంది. అసలు రోగులు మహా అయితే పదిమంది. పాజిటివ్ వచ్చిన రెండు వందల మందిలో ఒక్కరికి నిజంగా జబ్బు. అదే పరీక్షని ఊరికే అందరికీ చెయ్యకుండా, మచ్చలు, దగ్గు, నీరసం అన్నీ ఉన్న నూరుమందికి చేద్దాం. వాళ్ళలో నలభై మందికి జబ్బు ఉందనుకుంటే తప్పుడు పాజిటివ్ ఒకటో రెండో. పరీక్ష మారలేదు, ద్రావకం మారలేదు, లాబ్ మారలేదు. దాన్ని ఎవరికి, ఎందుకు చేశామన్నది మారింది.

ఇది ఊహాలెక్కే అయినా నిజంలో దీనికి పోలికలున్నాయి. ఆటోఇమ్యూన్ జబ్బుల కోసం మొదట చేసే ఏఎన్ఏ పరీక్షని ఆరోగ్యవంతుల మీద చేసి 1997లో ప్రచురించిన ప్రసిద్ధమైన అధ్యయనం ఒకటుంది. రక్తాన్ని 40 రెట్లు పలచన చేసి చూస్తే దాదాపు 32 శాతం మందికి, 160 రెట్లు పలచన చేసినా 5 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. ఏ జబ్బూ లేనివాళ్ళకి! మరోవైపు జో-1, ఎమ్‌డీఏ-5 ఉన్న రోగుల్లో చాలామందికి ఏఎన్ఏ నెగెటివ్ వస్తుంది. మా అమ్మాయికి కూడా మొదట అదే వచ్చింది. "ఏఎన్ఏ నెగెటివ్, ఆటోఇమ్యూన్ కాదు" అని ఒకచోట పంపించేశారు కూడా. చేతులు చూసి, దగ్గు విని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమని చెప్పింది ఒక ప్రభుత్వ ఆసుపత్రి రుమటాలజీ ఓపీలోని యువ డాక్టరు. ఆ గది బయట మూడు గంటలు నిలబడ్డాం, లోపల పది నిమిషాలు. ఆ పది నిమిషాల తర్వాత రాసిన పరీక్షలు నాలుగే. సీపీకే వేలల్లో ఉంది. జో-1 పాజిటివ్. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల కింది భాగాల్లో మచ్చలు. నాలుగోది ఊపిరి పరీక్ష, అందులో వాయువు రక్తంలోకి వెళ్ళే సామర్థ్యం సగానికి పడిపోయింది. కూర్చున్నప్పుడు వేలికి పెట్టిన మీటరు 97 చూపించింది. వరండాలో ఆరు నిమిషాలు నడిపిస్తే 88. ఆ మీటరు మా ఇంట్లో కోవిడ్ రోజుల నుంచీ ఉంది. ఆ అమ్మాయిని ఒక్కసారైనా మా మేడమెట్లు ఎక్కించి చూడాలని నాకు తోచలేదు.

ఇక మందుల సంగతి. మన పని ఎక్కువగా ఉండేది ఇక్కడే. 2024 జూలైలో సమంత, వైరల్ జ్వరాలకి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని నెబ్యులైజర్‌తో పీల్చడం మంచిదన్న అర్థంలో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. కేరళ కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ దాన్ని ఖండించాడు. ఖండించడం సరైనదే. అమెరికాలోని ఆస్తమా, ఎలర్జీ ఫౌండేషన్ అంతకు ముందే ఆ పని చెయ్యవద్దని హెచ్చరించింది. పెరాక్సైడ్ కణజాలాన్ని కాల్చే రసాయనం. మామూలు మనిషికే ప్రమాదం, అసలే ఊపిరితిత్తులు వాచివున్న మయోసైటిస్ రోగి ఎవరైనా చూసి పాటిస్తే ఏమవుతుంది? కానీ జరిమానా వెయ్యాలి, జైల్లో పెట్టాలి అన్నంత దూరం వెళ్ళడం నాకు నచ్చలేదు. ఆమె జవాబులో చెప్పింది, బాగా చదువుకున్న, ఎండీ డాక్టరే తనకి సూచించాడని. మన విమర్శ వెళ్ళాల్సింది ఆ సలహా మీదకి, దాని వెనకున్న రుజువు మీదకి. అంతకు ముందు 2023లో ఆమె పళని కొండకి వెళ్ళి 600 మెట్లకి కర్పూరం వెలిగిస్తూ ఎక్కిందని వార్త వస్తే మా మిత్రుడొకాయన పెద్ద వెటకారం రాసి పంపాడు. నాకైతే మయోసైటిస్ ఉన్న మనిషి 600 మెట్లెక్కిందన్న వార్తే ముఖ్యంగా తోచింది. మురుగన్ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

"నేను ఫలానాది వాడాను, తగ్గింది" అన్న మాటకి జవాబు కావాలంటే వెటకారం కన్నా మంచి సరుకు ఉంది. డెర్మటోమయోసైటిస్‌కి రక్తనాళం ద్వారా ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ పని చేస్తుందా అని 95 మంది రోగుల మీద చేసిన ప్రయోగ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. 16 వారాలకి మందు తీసుకున్నవాళ్ళలో 79 శాతం మందికి కనీస మెరుగు కనిపించింది. మందు లేని ద్రావకం ఎక్కించినవాళ్ళలో 44 శాతం మందికి! వాళ్ళు తమ పాత మందులు కొన్ని కొనసాగించారు, జబ్బు తనంతట తాను హెచ్చుతగ్గులవుతుంది, ఆశ కూడా తన పని తాను చేస్తుంది. ఆ 44 శాతం మందిలో ఎవరికైనా ఆ సమయంలో ఒక తాయెత్తో, హోమియో గోళీలో, పెరాక్సైడో ఇచ్చివుంటే జీవితాంతం దానికే మొక్కేవాళ్ళు. మందు గొప్పతనం 79లో లేదు, 79కీ 44కీ మధ్యనున్న తేడాలో ఉంది. ఈ ఒక్క ప్రయోగాన్ని మన సభల్లో పిల్లలకి బోర్డు మీద వేసి చూపించాలని నా కోరిక.

మా అమ్మాయికి స్టెరాయిడ్లు, దానితో పాటు రక్షణ వ్యవస్థని అణిచే మందు ఇచ్చారు. వాటితో ఇన్‌ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది. ఇలాంటి రోగికి కొత్తగా ఆయాసం వస్తే అది జబ్బు ముదిరిందా, ఇన్‌ఫెక్షన్ వచ్చిందా అని తేల్చడం పెద్ద డాక్టర్లకే కష్టం. ఒక దానికి మందు పెంచాలి, ఇంకోదానికి తగ్గించాలి. ఎర్ర అక్షరాలున్న కాగితం ఆ నిర్ణయం చెయ్యలేదు. రెండుసార్లు అలాంటి రాత్రులు గడిచాయి. ఒక పరీక్ష రాయలేకపోయింది, ఒక ఏడాది పోయింది.

ఇప్పుడు మళ్ళీ చదువుతోంది. పోయిన సీటీలో పాత మచ్చలు అలాగే ఉన్నాయి, కొత్తవి లేవు. ఊపిరి పరీక్ష కొంచెం మెరుగు. మెట్రో మెట్లు మధ్యలో ఒక్కసారి ఆగి ఎక్కుతుంది. పోయిన వారం కోచింగ్ సెంటర్ బయట ఎవరో ఫుల్ బాడీ చెకప్ కరపత్రం చేతిలో పెడితే తీసుకొచ్చి నాకు చూపించింది. "అంకుల్, ఇందులో కూడా సీపీకే లేదు" అంది.